పగలు పడుకునేవాళ్ల ఇంటి వెనక ఫైర్ సైరన్

ఈ నెల నుంచి మా బరోలో (ఇక్కడ చిన్న పట్టణాన్ని అలా అంటారు) రాత్రి పది దాటితే ఫైర్ సైరన్ మోగదు. మళ్లీ పొద్దున ఆరింటి దాకా అంతే. దీనికోసం మా వీధివాళ్లు చాలామంది కౌన్సిల్ మీటింగుల చుట్టూ తిరిగారు, వాళ్లలో నేనూ ఉన్నాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం సగం పనే అయింది, ఎందుకంటే నేను పడుకునేది పగలు.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ నుంచి అరగంట దూరంలో. ఆస్పత్రి ల్యాబ్‌లో నాది నైట్ డ్యూటీ. పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరి, పాపను స్కూలు బస్సెక్కించి, ఇంత తిని తొమ్మిదిన్నరకు పడుకుంటే మూడింటికి లేవాలి. మళ్లీ బస్సొచ్చే టైమ్. ఆ మధ్యలో సైరన్ ఒకసారి మోగితే నిద్ర చెడుతుంది. రెండోసారి కూడా మోగితే ఇక ఆ రోజుకు పట్టదు. ఆ రాత్రి మళ్లీ బ్లడ్ బ్యాంకు బల్ల ముందు కూర్చుని క్రాస్‌మ్యాచ్ చేయాలి, అంటే రోగికి ఆ రక్తం సరిపడుతుందో లేదో చూడాలి. ఎవరికో ఎక్కించాల్సిన రక్తం అది. కళ్లు మండుతుంటే ట్యూబు మీద పేరు, పుట్టిన తేదీ, నంబరు మళ్లీ మళ్లీ చదువుకుంటాను. నా నిద్ర సంగతి నా ఒక్కదానితో పోయేది కాదని కౌన్సిల్‌లో చెప్పింది అందుకే.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఈ సైరన్ గొడవేంటో కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర ఫైరింజన్ ప్రభుత్వానిది. 101కి ఫోన్ చేస్తే స్టేషన్లో డ్యూటీలో ఉన్నవాళ్లు బండి తీస్తారు. మా బరో స్టేషన్‌లో బళ్లుంటాయి, మనుషులుండరు. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ వాలంటీర్లే. ఒకాయన ప్లంబరు, ఒకామె స్కూల్ టీచరు, ఇంకొకాయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఎవరిళ్లలో వాళ్లు, ఎవరి పనుల్లో వాళ్లుంటారు. 911కి ఫోన్ వెళ్లగానే కౌంటీ డిస్పాచ్ వాళ్లు, అంటే మన జిల్లా కంట్రోల్ రూమ్ లాంటివాళ్లు, రేడియోలో మా స్టేషన్‌కు కేటాయించిన రెండు టోన్లు వదులుతారు. దాంతో వాళ్ల నడుముకున్న పేజర్లు మోగుతాయి, ఫోన్లలో యాప్ మోగుతుంది, స్టేషన్ మీదున్న పెద్ద సైరన్ కూడా అప్పుడే లేస్తుంది. ఎక్కడివాళ్లక్కడ పని వదిలేసి, కారులో నీలం లైటు వేసుకుని స్టేషన్‌కు ఉరుకుతారు. అక్కడ బూట్లు, కోటు తొడుక్కుని బండి ఎక్కుతారు.

అమెరికాలో ఇది మారుమూల పల్లెల పద్ధతి అనుకునేదాన్ని, ఇక్కడికి వచ్చేదాకా. నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 2020 లెక్కల ప్రకారం దేశంలో మంటలార్పేవాళ్లు 10,41,200 మంది ఉంటే, అందులో 6,76,900 మంది వాలంటీర్లు. ఫిలడెల్ఫియాలో 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టిన యూనియన్ ఫైర్ కంపెనీ కాలం నుంచి ఇది ఇక్కడివాళ్ల అలవాటు. న్యూజెర్సీ దేశంలోకెల్లా జనం ఒత్తుగా ఉన్న రాష్ట్రం. అయినా ఇక్కడ కూడా ఎన్నో ఊళ్లలో ఇల్లంటుకుంటే వచ్చేది పక్క వీధి ప్లంబరే.

మా స్టేషన్ ముందు గడ్డిలో ఒక ఉక్కు వలయం స్టాండుకు వేలాడుతుంటుంది. రైలింజన్ చక్రానికి బయట తొడిగే పట్టా అది. సైరన్లు రాకముందు దాన్ని సుత్తితో కొట్టి మనుషులను పిలిచేవాళ్లు, మన ఊరి బళ్లో రైలు పట్టా ముక్కను కొట్టి గంట వినిపించినట్టు. ఆ తర్వాత ఆవిరి కూతలు, గాలి హారన్లు, చివరికి కరెంటు సైరన్లు వచ్చాయి. కొన్ని ఊళ్లలో కూతల లెక్కను బట్టి మంట ఏ మూలనో తెలిసేదట. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, ఆ తర్వాత అణుబాంబు భయం రోజుల్లోనూ చాలా చోట్ల అవే సైరన్లు విమాన దాడి హెచ్చరికకు కూడా పనికొచ్చాయి. ఊరి చివరి ఇంట్లో తలుపులు మూసుకున్నవాళ్లకు కూడా వినపడాలన్నది అప్పటి అవసరం.

సైరన్‌ను దగ్గర నుంచి చూసింది కిందటేడు అక్టోబర్లో. 1871 అక్టోబర్‌లో జరిగిన చికాగో అగ్నిప్రమాదం గుర్తుగా ఏటా ఫైర్ ప్రివెన్షన్ వీక్ జరుపుతారు. ఆ వారం మా స్టేషన్ తలుపులు తెరిచి పిల్లలను బళ్లు ఎక్కనిస్తారు, హెల్మెట్లు పెట్టుకోనిస్తారు. మా పక్కింటాయన అక్కడ వాలంటీరు. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ల పైబడి ఇదే పని. మా పాప సైరన్ ఎక్కడుంటుందని అడిగితే, వెనక ఇనప నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లి పైకి చూపించాడు. నాకు మాత్రం అదెలా పనిచేస్తుందో మొత్తం వివరించాడు.

దాంట్లో ఉన్నదల్లా ఒక మోటారు, దాని ఇరుసుకు రెక్కలున్న చక్రం, చక్రం చుట్టూ కదలకుండా ఉండే కన్నాల డొల్ల. చక్రం తిరుగుతూ గాలిని లోపలికి లాగి ఆ కన్నాల్లోంచి బయటికి నెడుతుంది. తిరిగే కొద్దీ కన్నాలు సెకనుకు కొన్ని వందలసార్లు మూసుకుని తెరుచుకుంటాయి. అలా తెగి తెగి వచ్చే గాలే కూత. మోటారు వేగం అందుకుంటుంటే శబ్దం అడుగు నుంచి మూలుగుతూ పైకి లేస్తుంది. కరెంటు ఆపేసినా చక్రం బరువైంది కాబట్టి వెంటనే ఆగదు, మెల్లగా దిగుతూ వస్తుంది. దిగీ దిగకముందే మళ్లీ లేస్తుంది. మంచం మీద పడుకుని వినేవాళ్లకు ఆ దిగేటప్పుడే టెన్షన్, ఆగిందా ఇంకో విడత ఉందా అని. స్టేషన్ లోపల గోడకు ఒక బూడిద రంగు డబ్బా ఉంది. ఎన్నిసార్లు లేచి దిగాలో నిర్ణయించే టైమర్ అందులోనే ఉంటుంది. ఆ డబ్బా తలుపు తెరిచి చూపించినప్పుడే నాకు తట్టింది, ఇది మార్చగలిగిన విషయమేనని. ఎవరో ఒకరు ఎప్పుడో ఒక లెక్క పెట్టారు. ఆ తర్వాత దాని జోలికి ఎవరూ పోలేదు.

శబ్దం లెక్కలు కూడా చెప్తాను, ఎందుకంటే కౌన్సిల్‌లో "కొంచెం చప్పుడుకే అంత గొడవా" అన్నవాళ్లున్నారు. ఇలాంటి సైరన్లు వంద అడుగుల దూరంలో 115 డెసిబెల్స్ దరిదాపుల్లో మోగుతాయి. సైరన్లు ఎక్కడ పెట్టాలో ప్లాన్ వేసేవాళ్లు, దూరం రెట్టింపైనప్పుడల్లా పది డెసిబెల్స్ తగ్గుతుందని లెక్క కడతారు. అంటే రెండొందల అడుగుల దగ్గర 105, నాలుగొందల దగ్గర 95. మా ఇల్లు ఆరొందల అడుగుల దూరం. పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్ల ఉచిత యాప్ ఫోన్‌లో వేసుకుని పెరట్లో చూస్తే 90కి కాస్త అటూ ఇటూగా వచ్చింది. పడకగదిలో కిటికీలు బిగించి, తెరలు దించి చూసినా 65 దాటింది. రాత్రి పడకగదిలో ఏ ఒక్క శబ్దమూ 45 డెసిబెల్స్ దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. న్యూజెర్సీ నిబంధనల్లో ఫ్యాక్టరీలు, షాపుల నుంచి ఇళ్ల మీద పడే శబ్దానికి పగలు 65, రాత్రి 50 డెసిబెల్స్ హద్దు ఉంది. అత్యవసర సంకేతాలకు ఆ హద్దు వర్తించదు. వర్తించాలని నేను అనను కూడా. నిజంగా అత్యవసరమైనప్పుడు ఎంత గట్టిగానైనా మోగాలి.

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. బాపు సింగరేణి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. సైరన్ నాకు కొత్తేం కాదు. షిఫ్టు మారే వేళకు బాయి సైరన్ మోగేది. దాన్ని బట్టే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది, దాన్ని బట్టే మేం బడికి బయల్దేరేవాళ్లం. బాపు నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుంటే క్వార్టర్‌లో మాకు గుసగుసలే. గిన్నె జారి పడితే అమ్మ కళ్లతోనే ఉరిమేది. "మీ బాపు రాత్రంత భూమిల ఉండి వచ్చిండు, సప్పుడు జెయ్యకుండ్రి" అనేది. మా లైన్‌లో ప్రతి ఇంట్లో ఏదో ఒక వారం ఎవరో ఒకరు పగలు పడుకునేవాళ్లు కాబట్టి లైన్ మొత్తం అంతే. పండక్కి మైకు పెట్టినా, మధ్యాహ్నం పూట ఎవరో ఒకరు వెళ్లి తగ్గించమని చెప్పేవాళ్లు, వాళ్లు తగ్గించేవాళ్లు. పగటి నిద్ర అంటే సోమరితనం అని అక్కడ ఎవరూ అనుకోలేదు.

బాపు బాయి సైరన్‌కు లేచేవాడు కాదు. అది రోజూ అదే వేళకు మోగేది, ఒంటికి తెలుసు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. బాయిలో ఏదో అయిందని. బాపు కూడా పక్క మీంచి లేచి, చొక్కా తొడుక్కుంటూనే బయటికి నడిచేవాడు.

ఫైర్ సైరన్ ప్రతిసారీ వేళ కాని వేళదే. "కొన్నాళ్లకు అలవాటైపోతుంది" అని ఇక్కడి పాతకాపులు చెప్తారు. మెలకువ రావడం కొంత తగ్గొచ్చు, నిజమే. కానీ నిద్రలో శబ్దానికి గుండె వేగం పెరగడమన్నది మాత్రం ఏళ్లు గడిచినా పూర్తిగా అలవాటు పడదని శబ్దం, నిద్ర మీద పరిశోధన చేసినవాళ్లు ఎప్పుడో చూపించారు. మనకు తెలియకుండానే ఒళ్లు ఉలిక్కిపడుతూనే ఉంటుంది.

ఇంతకీ ఇది ఎందుకు మోగుతుందన్నది అసలు విషయం. మంటలార్పడానికే అనుకుంటాం. దేశం మొత్తం లెక్క చూడండి. 1980లో ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చిన కాల్స్ ఒక కోటీ 8 లక్షలు, అందులో మంటలవి 29 లక్షల 88 వేలు. 2020కి కాల్స్ మూడు కోట్ల 64 లక్షలయ్యాయి, మంటలు 13 లక్షల 88 వేలకు తగ్గాయి. అంటే వందలో నలుగురు కూడా మంట గురించి పిలవట్లేదు. మూడింట రెండు వంతుల దాకా వైద్య సాయం కాల్స్. మిగిలినవాటిలో ఆఫీసు బిల్డింగుల ఆటోమేటిక్ అలారాలు, గ్యాస్ వాసన, చెట్టు కూలి కరెంటు వైర్ల మీద పడటం, వంటింట్లో పోపు పొగకు మోగిన స్మోక్ డిటెక్టర్లు ఉంటాయి. పోపు సంగతి ఊరికే అనలేదు, మా వీధిలోనే ఒకరింట్లో మిరపకాయలు మాడి అలారం కంపెనీ వాళ్లు ఫైర్ వాళ్లను పిలిచారు. అన్నిటికీ సైరన్ ఒకటే. ఇల్లు తగలబడుతుంటే ఎన్నిసార్లు లేచి దిగుతుందో, ఖాళీ ఆఫీసులో అలారం తప్పుగా మోగినా అన్నిసార్లే. సైరన్లు పెట్టిన కాలంలో అది మోగడం అరుదు, మోగిందంటే నిజంగా మంట. డబ్బా అదే, దాన్ని మోగించే కారణాలు మారిపోయాయి.

పదే పదే మోగితే జనం వినడం మానేస్తారు, ఇది ఇంకా ప్రమాదం. మిస్సోరిలోని జాప్లిన్‌ను 2011 మే 22న టోర్నడో తుడిచిపెట్టింది. నూట యాభై మందికి పైగా చనిపోయారు. తర్వాత నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు ఊరివాళ్లతో మాట్లాడితే, మొదటి సైరన్ విన్న వెంటనే దాక్కున్నవాళ్లు తక్కువని తేలింది. అక్కడ సైరన్ తరచుగా మోగేది, అందుకని చాలామంది ఇంకో గుర్తు కోసం చూశారు. మాది టోర్నడోల ప్రాంతం కాదు, అయినా నాకు ఆ రిపోర్టు మనసులో నిలిచిపోయింది.

పక్కింటాయనతో ఈ విషయం మాట్లాడటానికి నేను చాలా జంకాను. వాళ్లింట్లో గోడ నిండా పాత ఫొటోలు, బళ్ల ముందు నిలబడ్డ కుర్రాళ్లు, అందులో వాళ్ల నాన్న కూడా. ఒక ఆదివారం పెరట్లో ఆయన ఆకులు ఊడుస్తుంటే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. నడుముకున్న పేజర్ తీసి నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టెకు రెండింతలుండే నల్లటి డబ్బా, మూలల్లో రంగు పోయి తెల్లబడింది. "రాత్రి ఇది నా తలగడ పక్కనే ఉంటుంది. దీనికే లేస్తాను. నా వరకైతే సైరన్ అక్కర్లేదు" అన్నాడు.

మరి ఎందుకు ఉంచాలంటే రెండు కారణాలు చెప్పాడు. మొదటిది శాండీ తుపాను. 2012 అక్టోబర్ 29 రాత్రి కరెంటు పోయింది, దాంతో సెల్ టవర్లూ పోయాయి. తుపాను తగిలిన పది రాష్ట్రాల్లో నాలుగో వంతు సెల్ సైట్లు పనిచేయలేదని తర్వాత ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ప్రకటించింది. ఆ రాత్రి యాప్‌లను నమ్ముకుంటే ఎవరూ రాలేకపోయేవాళ్లని ఆయన మాట. స్టేషన్‌కు జనరేటర్ ఉంది, సైరన్ మోగింది, మనుషులొచ్చారు. దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు, ఉండాల్సిన పనీ లేదు. సైరన్ పీకేయమని నేనెప్పుడూ అడగలేదు. మిగతావన్నీ పడిపోయిన రోజు కోసం అది అక్కడే ఉండాలి, నెలకోసారి టెస్టు కూడా చేయాలి.

రెండో కారణం చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. "అది మోగినప్పుడైనా మేమున్నామని ఊరికి గుర్తొస్తుంది. అది కూడా ఆగిపోతే మేము అర్ధరాత్రి లేచి వెళ్తున్నామన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. దేశంలో 1984లో 8,97,750 మంది వాలంటీర్లుండేవాళ్లు. 2020కి రెండు లక్షల ఇరవై వేల మంది తగ్గిపోయారు. మా స్టేషన్‌లో కూడా కొత్తగా వచ్చే కుర్రాళ్లు లేరు. జనం ఒత్తుగా ఉన్న ఊళ్లలో ఇల్లు అంటుకుంటే తొమ్మిది నిమిషాల్లో పదిహేను మంది చేరాలని వాలంటీర్ డిపార్ట్‌మెంట్ల కోసం నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ పెట్టిన ప్రమాణం, ఎన్‌ఎఫ్‌పీఏ 1720, చెప్తుంది. పగటి పూట అంతమందిని పోగెయ్యడానికి చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ల బళ్లు రావాలట. ఆయన బాధ అర్థమైంది. సైరన్ ఆపమంటే ఆయనకు వినపడేది "మిమ్మల్ని మర్చిపోతాం" అన్న మాట. అందుకే కౌన్సిల్‌లో ఎప్పుడు మాట్లాడినా నా మొదటి మాట వాళ్లకు థాంక్స్. మొక్కుబడికి కాదు. నా బిడ్డ పడుకునే ఇంటికి మంట వస్తే పైపు పట్టుకుని లోపలికొచ్చేది వాళ్లే, అదీ పైసా తీసుకోకుండా.

కానీ పగటి సైరన్ గురించి ఆయన చెప్పినదాన్ని బట్టే నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. పగలు వాలంటీర్లు తక్కువ పడటానికి కారణం, వాళ్లు వేరే ఊళ్లలో ఉద్యోగాల్లో ఉండటం. ఒకరు న్యూవార్క్‌లో, ఒకరు న్యూయార్క్ సిటీలో. సైరన్ మైలో మైలున్నరో వినపడుతుంది. ఊళ్లో లేని మనిషికి అది వినపడదు, ఊళ్లో ఉన్న మనిషి నడుముకు పేజర్ ఉంది. మరి పగలు అది ఎవరిని పిలుస్తున్నట్టు? ఆయన కాసేపు ఆలోచించి, గడ్డి కోసే మెషీన్ నడుపుతున్నప్పుడు పేజర్ వినపడదు, సైరన్ వినపడుతుంది అన్నాడు. సరే, నిజమే. ఆ ఒక్క సందర్భం కోసం ఊళ్లో చంటిపిల్లలు, రోగులు, నైట్ డ్యూటీ వాళ్లు అందరూ లేవాలా అన్నది నా ప్రశ్న. ఊళ్లో పగలు పడుకునేవాళ్లలో నేనొక్కదాన్నే లేను. ఆస్పత్రి నర్సులు, ట్రక్కు డ్రైవర్లు, వేర్‌హౌస్ వాళ్లు, పోలీసులు ఉన్నారు. మీటింగులో వాళ్లు కనపడరు, ఎందుకంటే ఆ టైమ్‌కు వాళ్లు డ్యూటీకి బయల్దేరుతుంటారు.

మీటింగుల సంగతి పొడుగ్గా చెప్పను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలిస్తారు. ఎక్కువసార్లు వినపడిన మాట "ఫైర్ స్టేషన్ పక్కన ఇల్లెందుకు కొన్నారు?" అని. నిజాయితీగా అడిగే ప్రశ్నే. మాకు ఏజెంట్ ఇల్లు చూపించింది ఆదివారం పొద్దున, ఆ గంటలో కూత లేదు. స్టేషన్ మీద సైరన్ ఉంటుందని, ఇంత దూరం వినపడుతుందని మాకెవరూ చెప్పలేదు. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తారు, స్కూల్ రేటింగ్ చూస్తారు, ట్రెయిన్ స్టేషన్‌కు ఎంత దూరమో చూస్తారు. దయచేసి మ్యాప్‌లో ఫైర్ స్టేషన్ ఎక్కడుందో కూడా చూడండి. అది వాలంటీర్లదా, జీతాలవాళ్లదా కనుక్కోండి. సైరన్ ఇంకా వాడుతున్నారా, టెస్టు ఏ రోజు ఏ వేళకు అని బరో హాల్‌కు ఫోన్ చేసి అడిగితే చెప్తారు. చాలా ఊళ్లలో మధ్యాహ్నం పన్నెండుకో, సాయంత్రమో టెస్టు ఉంటుంది. వీలైతే ఆ వేళకు వెళ్లి ఇంటి ముందు నిలబడి వినండి.

ఇక "ఇది మా ఊరి సంప్రదాయం" అన్నవాళ్లున్నారు. సంప్రదాయం మాట వచ్చినప్పుడు నాకు నెవాడాలోని మిండెన్ గుర్తొస్తుంది. ఆ కౌంటీలో 1917 నాటి ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) ప్రకారం మూలవాసులు సాయంత్రం ఆరున్నరకల్లా ఊరు విడిచి వెళ్లిపోవాలి. 1921లో అక్కడ సైరన్ పెట్టారు, సాయంత్రం ఆరింటికి మోగేది. ఆర్డినెన్స్ 1974లో పోయింది గానీ సైరన్ మోగుతూనే ఉంది. అది వాలంటీర్ ఫైర్ వాళ్లకు గౌరవంగా మోగిస్తున్నామని ఊరు అంది, అక్కడి మూలవాసులైన వాషో తెగవాళ్లకు మాత్రం అది "వెళ్లిపోండి" అన్న పాత కేకే. చివరికి 2023లో గవర్నర్ జో లొంబార్డో చట్టం మీద సంతకం చేశాక గానీ ఆ గొడవ తేలలేదు. మా సమస్యకూ వాళ్ల గాయానికీ పోలికే లేదు. ఒకరికి ఊరి గుర్తుగా వినపడే శబ్దం పక్కవాళ్ల ఒంటి మీద ఎలా పడుతుందో అడిగి తెలుసుకోవాలని మాత్రం దాని నుంచి నేను తీసుకున్నాను.

ఇప్పుడు నేను అడుగుతున్నది ఇది. పగలు కూడా సైరన్ ఇల్లు అంటుకున్నప్పుడు, మనుషులు చిక్కుకున్నప్పుడు మోగనివ్వండి. వైద్య సాయం కాల్స్‌కు, ఆటోమేటిక్ అలారాలకు పేజర్లు, ఫోన్లతో సరిపెట్టండి. మొదటి పిలుపుకు సరిపడా మనుషులు రాకపోతే అప్పుడు సైరన్ వేయండి. టైమర్‌లో లేచి దిగే విడతలు తగ్గించండి. ఇంకొకటి, పగటి పూటకైనా ఇద్దరినో ముగ్గురినో జీతం మీద పెట్టుకోవాలి. న్యూజెర్సీలో చాలా ఊళ్లు ఆ పని చేశాయి. దానికి డబ్బు కావాలి, ఇక్కడి ఇంటి పన్నులు దేశంలోకెల్లా ఎక్కువని నాకు తెలుసు, కడుతున్నాను కాబట్టి. ఇంకాస్త కట్టమంటే కడతాను. మన నిద్రకు, వాళ్ల నడుము నొప్పులకు ధర పెడితే అది పెద్ద మొత్తమేం కాదు.

మనవాళ్లకు ఒక మాట. మా వీధిలో తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. స్టేషన్ గోడ మీదున్న సభ్యుల ఫొటోల్లో మన పేరు ఒక్కటి లేదు. శిక్షణ ఉచితంగా ఇస్తారు, వయసు మీరినవాళ్లకు లెక్కలు, రికార్డులు, పిల్లలకు జాగ్రత్తలు చెప్పే పనులుంటాయి. మా ఆయన కిందటి నెల అప్లికేషన్ ఇచ్చారు, మెడికల్ చెకప్ కోసం చూస్తున్నారు. ఆయన పేజర్ మా పడకగదిలోకి వస్తుందని నాకు తెలుసు. అది కావాలనే వస్తోంది, ఆ పిలుపుకు లేచేవాళ్లు మా ఇంట్లోనే ఉంటారు.

వచ్చే మీటింగుకు ఫైర్ చీఫ్ గత ఏడాది పగటి కాల్స్ రకాల వారీగా విడగొట్టి తెస్తానన్నాడు. ఆ జాబితా చూసి ఏ కాల్‌కు సైరన్, ఏ కాల్‌కు పేజర్ అన్నది మాట్లాడదామన్నారు. ఆ సాయంత్రం నా డ్యూటీ ఒక కొలీగ్‌తో మార్చుకున్నాను. పక్కింటాయన కూడా మాట్లాడతానని పేరు రాయించుకున్నాడు. వైద్య సాయం కాల్స్ విషయంలో నా వైపు, ఆటోమేటిక్ అలారాల విషయంలో నాకు ఎదురు మాట్లాడతానని ముందే చెప్పాడు. ఆ ఖాళీ ఆఫీసుల్లో ఒకటి నిజంగానే తగలబడిన రోజు ఆయన చూశాడట. దానికి నేనేం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.